ఒకే గుమ్మం, రెండిళ్ళు

గత పది పదిహేనేళ్ళలో మీ ఇంట్లో పెళ్ళి జరిగి ఉంటే, బీరువా మీద సూట్‌కేసు లాంటి పెట్టెలో ఒక కరిజ్మా ఆల్బమ్ ఉండే ఉంటుంది. వీలైతే ఒకసారి దించి చూడండి. ఒకే పేజీలో పెళ్ళికూతురు నాలుగుసార్లు ఉంటుంది. మూలన పెద్దగా నవ్వుతూ ఒకటి, మధ్యలో తలంబ్రాలు పోస్తూ ఒకటి, అద్దంలో చూసుకుంటూ ఒకటి, వెనకాల మంచుకొండల్లో కలిసిపోతూ లేతగా ఇంకొకటి. పెళ్ళి జరిగింది మాత్రం మే నెలలో, మన ఊరి కల్యాణ మండపంలో, కూలర్ల కోసం కొట్టుకుంటూ.

నవ్వొచ్చే మాట నిజమే. కానీ ఆ పేజీ తయారుచేసిన కుర్రాడి పని గురించి ఆలోచించండి. నాలుగు వేర్వేరు క్షణాల్ని, రెండు వేర్వేరు చోట్లని ఒక్క కాగితం మీదికి తెచ్చాడు. ఏ ముఖం ముందుండాలో, ఏది మసకబారాలో తనే తేల్చాడు. పట్నంలో గ్యాలరీ గోడ మీద పెడితే దీన్నే ఫోటో కొలాజ్ అంటారు. మన దగ్గర ‘డిజైనింగ్’ అంటారు, షీటుకి ఇంత అని లెక్క కట్టి ఇస్తారు.

మా తాతయ్యకి, అంటే అమ్మ వాళ్ళ నాన్నకి, జీవితం మొత్తమ్మీద ఒక్కటే ఫోటో ఉంది. ఓటరు కార్డు మీదది. ఆయన పోయాక మధిరలో స్టూడియో ఆయన ఆ ఫోటోని స్కాన్ చేసి, తల వరకూ కత్తిరించి, తెల్ల చొక్కా, జరీ కండువా తొడిగి, అమ్మమ్మ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. భార్యాభర్తలు కలిసి తీయించుకోని ఫోటో అది. “ఆయనెప్పుడు కండువా వేసుకున్నాడ్రా” అని అమ్మమ్మ అంటూనే ఉండేది, పొద్దున్నే కొంగుతో ఆ అద్దం తుడుస్తూనే ఉండేది. ఢిల్లీలో వివాన్ సుందరం అనే పెద్ద చిత్రకారుడు, తన తాత ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ తీసిన పాత కుటుంబ ఫోటోల్ని కంప్యూటర్లో కలిపి, వేర్వేరు కాలాల మనుషుల్ని ఒకే గదిలోకి తెచ్చాడు. 2000 తర్వాతి మాట. ‘రీ-టేక్ ఆఫ్ అమృత’ అని దానికి ప్రపంచమంతా పేరొచ్చింది. మా స్టూడియో ఆయనకి ఆ సంగతి చెప్తే, “ఆయన ఒక్కో దానికి ఎంత తీసుకుంటాడు?” అని అడిగాడు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. బీటెక్ చదివాను, బొమ్మలు గీయడం రాదు. మాది ఎర్రుపాలెం. ఖమ్మం జిల్లాకి దక్షిణపు కొస, కాజీపేట - విజయవాడ లైన్లో చిన్న స్టేషను. మధిర దాటాక వస్తుంది. ఇంకొంచెం ముందుకెళితే ఆంధ్రప్రదేశ్. మా మండలంలోనే ఉన్న జమలాపురం వెంకటేశ్వరస్వామి గుడి కోసం దిగేవాళ్ళు తప్ప మా ఊరి పేరు బయటివాళ్ళకి పెద్దగా తెలీదు. పెద్ద రైళ్ళు హారన్ కొట్టుకుంటూ పోతాయి. బోర్డు చదివేలోపే ఊరు అయిపోతుంది.

లాక్‌డౌన్ తర్వాత వారాంతాలకి ఇంటికి రావడం మొదలుపెట్టినప్పుడు, రైలు దిగగానే ప్లాట్‌ఫాం మీద ఒకే చోట నిలబడి, పసుపు బోర్డు మధ్యలో పడేట్టు ఫోన్‌తో ఒక ఫోటో తీయడం అలవాటైంది. ఎందుకు అంటే జవాబు లేదు. ఊరికే. మూడేళ్ళలో అలా 38 ఫోటోలు పోగయ్యాయి. ఒక ఆదివారం వాటన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి చూశాను.

పేర్చడానికి ఒక లెక్క ఉంది. అడుగున ఉన్న ఫోటో 100 శాతం గట్టిగా ఉంటుంది. దాని మీద పెట్టే రెండోదాన్ని 50 శాతానికి పలుచన చేయాలి. మూడోది 33, నాలుగోది 25, అయిదోది 20. ఇలా తగ్గించుకుంటూ పోతే చివరికి అన్ని ఫోటోలకీ సమాన వాటా దక్కుతుంది. ఇంట్లో అన్నదమ్ముల పంపకాలు ఇంత చక్కగా తెమలవు. ఫోటోషాప్ కొనక్కర్లేదు, ఉచితంగా దొరికే గింప్‌లో కూడా ఇదే పని అవుతుంది. నేనైతే చిన్న పైథాన్ ప్రోగ్రాం రాసుకున్నాను, ఉద్యోగం వల్ల ఒచ్చిన జబ్బు.

అన్నీ పేర్చాక వచ్చిన బొమ్మలో జనం లేరు. రైలు దిగినవాళ్ళు, సంచులు మోసినవాళ్ళు, సెల్ఫీలు దిగిన కాలేజీ పిల్లలు, అందరూ కరిగిపోయారు. బోర్డు, వేపచెట్టు మొదలు, సిమెంటు బెంచీ మిగిలాయి. ఆకాశం ఏ రుతువుదీ కాని రంగులోకి వచ్చింది. బెంచీ మీద మాత్రం ఒక తెల్లటి మసక. దగ్గరికి జూమ్ చేసి చూస్తే పంచె. ఎప్పుడూ అక్కడే కూర్చునే ఒక పెద్దాయనది. విడి ఫోటోలు తిరగేసి లెక్కపెట్టాను, 38లో 11 ఫోటోల్లో ఉన్నాడు. అంటే ఆయన 29 శాతం ఉన్నాడన్నమాట. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన నేను సున్నా శాతం. తీసేవాడు ఫోటోలో ఉండడు కదా అంటారేమో. అది నిజమే, కానీ ఆ సున్నా నన్ను కొన్నాళ్ళు తిననిచ్చింది గానీ పడుకోనివ్వలేదు.

కదిలినవాళ్ళు చెరిగిపోవడం ఫోటోగ్రఫీకి పుట్టుకతో వచ్చిన గుణం. 1838లో పారిస్‌లో డాగేర్ అనే ఆయన మేడ మీంచి ఒక బజారు వీధిని ఫోటో తీశాడు. గుర్రబ్బళ్ళు, జనం కిక్కిరిసి తిరిగే వీధి. అప్పట్లో ఒక్క ఫోటోకి నిమిషాలకి నిమిషాలు పట్టేది. అంతసేపట్లో కదిలినవాళ్ళెవరూ ఆ రేకు మీద పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకోడానికి ఆగిన ఒకాయన, ఆ పాలిష్ చేసే మనిషి మాత్రం పడ్డారు. ఫోటోలోకెక్కిన మొదటి మనుషులు వాళ్ళే అని చాలామంది చెబుతారు. పారిస్ అంతా పనుల మీద పరుగెడుతుంటే చరిత్రలో నిలబడింది బూట్ల కోసం ఆగినవాడు.

ఇక్కడిదాకా ఇది నాకు ఒక ఆట. కుక్కునూరు వెళ్ళాకే దాని బరువు తెలిసింది.

అమ్మ వాళ్ళ అక్కని, మా పెద్దమ్మని, కుక్కునూరు మండలంలో గోదావరి పక్కన ఒక ఊరికి ఇచ్చారు. చిన్నప్పుడు వేసవి సెలవులంటే అక్కడికే. సత్తుపల్లి మీదుగా అశ్వారావుపేట చేరి, అక్కడ బస్సు మారాక అడవి మొదలయ్యేది. టేకు చెట్లు, ఎండుటాకులు, కిటికీలోంచి ఇప్పపూల వాసన. మా ఎర్రుపాలెంలో పొలాలే తప్ప అడవి లేదు కాబట్టి, నాకు అడవి అంటే ఆ దారే.

అది పోలవరం ముంపు ప్రాంతం. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ప్రాజెక్టు కోసం ఖమ్మం జిల్లాలోని ముంపు మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మేం తెలంగాణ అయ్యాం, పెద్దమ్మ వాళ్ళు ఆంధ్రలో ఉండిపోయారు. వాళ్ళ జిల్లా ఖమ్మం నుంచి పశ్చిమ గోదావరి అయింది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలొచ్చాక ఏలూరు అయింది. ఇల్లు అంగుళం కదల్లేదు, మూడు జిల్లాలు మారింది. అదే ఏడాది జూలైలో వరదొచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత పెద్ద నీళ్ళు మళ్ళీ అప్పుడే. పెద్దమ్మ వాళ్ళింట్లో కిటికీ సగం దాకా ఎక్కింది. ఆ మరుసటి ఏడు ఇల్లు విప్పేసి, జంగారెడ్డిగూడెం వైపు కట్టిన పునరావాస కాలనీకి వెళ్ళిపోయారు. ఇల్లు కదిలిన ఆ ఒక్కసారి మాత్రం జిల్లా మారలేదు. అదీ ఏలూరే.

‘విప్పేసి’ అన్నాను, కూల్చేసి అనలేదు. పెంకులు దింపి లెక్కపెట్టి పేర్చారు. దూలాలు, వాసాలు, కిటికీలు, తలుపులు అన్నీ ట్రాక్టరుకెక్కాయి. మట్టి గోడలొక్కటే మిగిలాయి. వాటి మీద సర్వే వాళ్ళు ఎర్ర రంగుతో రాసిన నంబరు అలాగే ఉంది.

వాటిల్లో పెద్ద ద్వారబంధం ఒకటి. టేకుది, పెదనాన్న వాళ్ళ తాత చేయించింది. కాలనీ ఇంటికి తలుపులు ముందే బిగించి ఇచ్చారు. అది చిన్నది, ఇది పెద్దది, పట్టలేదు. అమ్మేద్దామని బావ అన్నాడు, మంచి రేటే వచ్చేది. పెదనాన్న వినలేదు. ఇంటి ముందు రేకుల పంచ దింపి, ఆ పంచకి ముందు వైపు రెండు దిమ్మెలు కట్టించి ద్వారబంధాన్ని నిలబెట్టించాడు. అటూ ఇటూ గోడ లేదు. పక్క నుంచి హాయిగా లోపలికి పోవచ్చు. అయినా పెద్దమ్మ వాళ్ళు ఆ గుమ్మంలోంచే వస్తారు, పోతారు. శుక్రవారం గడపకి పసుపు రాస్తారు.

నేను మొదటిసారి కాలనీకి వెళ్ళినప్పుడు ఆ చెక్క మీద చెయ్యి వేసి చూశాను. కుడివైపు కమ్మీ మీద మా పిల్లలందరి పొడుగూ గీసిన గీతలున్నాయి. మేకుతో గీసినవి. నాకన్నా మా అక్క ఎప్పుడూ రెండేళ్ళు ఎత్తు. నా నడుం కంటే పైన, రెండు కమ్మీల మీదా ఒకే మట్టంలో, ఇంకో గీత ఉంది. అది ఎవరూ గీయలేదు. 2022 వరద నీటి మరక. కడిగినా పోలేదట. ఏటికి ఇంత దూరంలో, చుక్క నీరు ఎక్కని మెరక మీద, గోదావరి మట్టం అలా నిలబడి ఉంది.

ఆ రాత్రి ఫోన్లో ఫోటోలన్నీ పోగేశాను. అక్క పెళ్ళి ఆల్బమ్‌లో గుమ్మం ముందు పందిరి. సర్వే వాళ్ళు ఇంటి ముందు అందర్నీ వరసగా నిలబెట్టి తీసిన ఫోటో, అందులో ఒక్కరూ నవ్వట్లేదు. వరదలో పడవ మీంచి ఎవరో తీసి వాట్సాప్‌లో పెట్టింది. విప్పేటప్పుడు నేను తీసినవి. ఈ కాలనీవి. స్టేషను ఫోటోల్లా పేర్చితే కుదరదని తెలుస్తూనే ఉంది. అక్కడ నేను ఒకే చోట నిలబడి తీశాను, ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కో మూల నుంచి తీశారు. అసలు ఇల్లే ఒకటి కాదు.

ఇంజనీరింగ్‌లో చదివిన ముక్క ఒకటి అప్పుడు అక్కరకొచ్చింది. చదునైన ఒక వస్తువుని ఎటు పక్క నుంచి ఫోటో తీసినా సరే, దాని మీద నాలుగు పాయింట్లు దొరికితే చాలు, ఆ ఫోటోని సాగదీసి, వంచి, ఇంకో ఫోటోలోని అదే వస్తువు మీద అచ్చంగా కూర్చోబెట్టొచ్చు. హోమోగ్రఫీ అంటారు. ఫోన్లో కాగితాన్ని ఏటవాలుగా స్కాన్ చేస్తే నిటారుగా వచ్చేది దీని వల్లే. నాలుగు పాయింట్లు. ద్వారబంధానికి నాలుగు మూలలు.

ప్రతి ఫోటోలోనూ ఆ నాలుగు మూలలూ గుర్తుపెట్టి, అన్నిటినీ వాటి మీదికే లాగాను. గుమ్మం ఒక్కటే నిటారుగా, స్పష్టంగా నిలబడింది. మిగిలినదంతా దాని చుట్టూ వంగింది. మట్టి గోడ సిమెంటు దిమ్మెలోకి దిగిపోయింది. పెంకుల చూరు మీద నుంచి రేకుల అంచు పోతోంది. పందిరి మామిడాకులు కాలనీ కరెంటు స్తంభానికి వేలాడుతున్నాయి. అంచుల దగ్గర ఫోటోలు కలవనిచోట కలపడానికి ప్రయత్నించకుండా ముక్కలుగా వదిలేశాను. ఆ ధైర్యం డేవిడ్ హాక్నీని చూసి వచ్చింది. ఆయన 1986లో కాలిఫోర్నియాలో ఒక రోడ్డు కూడలిని ఏడు వందలకు పైగా చిన్న ఫోటోలుగా తీసి ఒక బొమ్మగా అతికించాడు. ఒక్కో ముక్కలో చూపు ఒక్కోలా, వేళ ఒక్కోలా ఉంటుంది. అతుకులు దాచలేదు. మనిషి నిజంగా ఒక చోటుని చూసేది అలాగే, కన్ను తిప్పుకుంటూ, ముక్కముక్కలుగా.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్‌లో పెద్దమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

“ఇల్లు బానే ఉంది. మేమేంది నాయనా, పొగలాగ ఉన్నాం? దయ్యాల్లెక్క.”

వాటాలు సమానంగా పంచితే మనుషులు అలాగే వస్తారని చెప్పబోయాను. ఒక ఫోటోలో ఉండి ఇంకోదాంట్లో లేనివాళ్ళు పలుచనైపోతారు కదా అని. ఆమె వినదలుచుకోలేదు. “గోడలు పోయినయి, సరే. మనుషులం ఉన్నాం గదా. గట్టిగ కనపడాల.”

ఆ మాటలో ఉన్న పాయింటు నా ప్రోగ్రాంలో లేదు. డాగేర్ వీధిలో నిలబడ్డది మిగిలింది, కదిలింది పోయింది. ముంపు ఊళ్ళో అది తిరగబడింది. ఎన్నో ఏళ్ళు ఒకేచోట నిలబడ్డ గోడలే పోయాయి, కదిలిన మనుషులు ఉన్నారు. అందర్నీ కలిపి సగటు తీస్తే ఏం వస్తుందో కూడా చరిత్రలో ఉంది. 1870ల చివర్లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ ఖైదీల ముఖాల్ని ఒకదాని మీద ఒకటి ముద్రించి, నేరస్తుడి అసలు ముఖం పట్టుకోబోయాడు. తీరా చూస్తే ఆ కలగలుపు ముఖం విడివిడి ముఖాల కన్నా అందంగా వచ్చింది. అందంగా ఉంది, కానీ ఎవరిదీ కాదు. ‘నిర్వాసితులు’ అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ ముఖం గుర్తొస్తుంది. మా పెద్దమ్మకి వేరుశనగ పచ్చడి పడదు, సీరియల్ వస్తున్నప్పుడు ఫోన్ ఎత్తదు. ఈ ఆమె ఆ మాటలో ఎక్కడుంది?

మనుషుల్ని ఒక్కొక్కర్నీ కత్తిరించి విడి పొరల మీద పెట్టి 100 శాతానికి పెంచాను. కరిజ్మా కుర్రాళ్ళు చేసే పనే, వాళ్ళయితే గంటలో చేస్తారు, నాకు రెండు వారాలు పట్టింది. పెళ్ళి ఆల్బమ్‌లోని పాతికేళ్ళ అక్క, కాలనీ పంచలో కూర్చున్న ఇప్పటి అక్క ఇద్దరూ వచ్చారు, పక్కపక్కనే. సర్వే ఫోటోలోంచి పెదనాన్నని తేలేదు. అందులో ఆయన ముఖం ఆయనలా లేదు.

ఇంకో పేచీ మిగిలింది. వరద ఫోటో. “నీళ్ళది తీసెయ్” అంది పెద్దమ్మ. పండగపూట అలాంటిది చూడకూడదని ఆమె పట్టు. పెదనాన్న మంచం మీంచి లేవకుండానే, “ఉండనీయ్. ఎందుకొచ్చార్రా ఈడికి అని రేపు పిల్లలడిగితే ఏం చూపిస్తవ్?” అన్నాడు. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నేను కలగజేసుకోలేదు. చివరికి వరద పొరని తీసేశాను. ద్వారబంధం మీది మరక మాత్రం తీయలేదు. అది వరద ఫోటోలోది కాదు, కాలనీలో ఎండలో తీసిన ఫోటోలోది. పెద్దమ్మ దాన్ని చూసింది, ఏమీ అనలేదు.

మధిరలో మా స్టూడియో ఆయనే రెండు ప్రింట్లు వేసిచ్చాడు. ఒకటి అక్క తీసుకెళ్ళింది. ఇంకోటి కాలనీ ఇంట్లో, అమ్మమ్మ తాతయ్యల ఫోటో పక్కన పెట్టారు. రేకుల పంచ కింద కూర్చుంటే తల తిప్పగానే అసలు గుమ్మం ఇటు, బొమ్మలోని గుమ్మం అటు కనిపిస్తాయి. చూడ్డానికొచ్చిన చుట్టాలు ముందు మనుషుల్ని గుర్తుపడతారు. తర్వాత “ఇది ఏ ఇల్లు?” అని అడుగుతారు. పెద్దమ్మ ఒకసారి పాత ఊరి పేరు చెబుతుంది, ఒకసారి “ఇదే” అంటుంది.

మొన్న ఫోన్ చేసి, పంచకి పక్క గోడలు కట్టిస్తున్నామని చెప్పింది. బావ ఇటుకలు దింపించాడట. అవి లేచాక గుమ్మానికి మళ్ళీ గోడలొస్తాయి. “వచ్చి ఫోటో దియ్, అదీ కలుపు” అంది. దసరాకి వెళ్ళాలి. ప్రస్తుతానికి ఆ బొమ్మ అడుగున రెండే ఇళ్ళ పొరలున్నాయి. పాతది సగం, కొత్తది సగం. గోడల ఫోటో మూడోదిగా పెట్టి సమానంగా పంచితే పాత ఇంటి వాటా మూడో వంతుకి దిగుతుంది. ఆ తర్వాత స్లాబ్ వేస్తారు, పై అంతస్తు అంటారు, అప్పుడు పావు వంతు. సమానంగానే పంచాలని రూలేం లేదు, ఏ శాతం ఎంతుండాలో టైప్ చేసేది నేనే. పెద్దమ్మకి ఈ లెక్క ఇంకా చెప్పలేదు. చెప్తే ఏ అంకె వేయమంటుందో తెలుసుకోవాలని ఉంది.